ఆగ్నేయంలో నాలుగు బోల్టులు

మా స్థలంలో ఆగ్నేయం మూలన ఒక సిమెంటు దిమ్మె ఉంది. జానెడు ఎత్తు, రెండడుగుల వెడల్పు. దాని మీద నాలుగు ఇనుప బోల్టులు పైకి పొడుచుకుని ఉంటాయి గానీ వాటికి బిగించిన వస్తువేమీ ఉండదు. కారు తిప్పుకోవడానికి వెనక్కి వచ్చిన డ్రైవర్లు దాన్ని చూసి, "ఇదేంది మేడమ్, అడ్డంగా? పగలగొట్టి పారేయకూడదా?" అని అడుగుతారు. నా జవాబు రోజుకో రకంగా ఉంటుంది. "అది నా సమాధి, ముందుగానే కట్టించుకున్నా" అని ఒకాయనతో అన్నాను. పాపం, ఆయన బ్యాటరీ సగం నిండకుండానే గన్ను పీకేసి వెళ్ళిపోయాడు. గన్ను అంటే తుపాకీ కాదు. కారుకు తగిలించే ఛార్జరు పిడిని ఈ వ్యాపారంలో అందరూ అలాగే అంటారు. అసలు జవాబు చెప్పాలంటే ఒక కారు ఛార్జి అయ్యేంత సేపు పడుతుంది. అంతసేపు కూర్చునేవాళ్ళు లేక ఇక్కడ రాస్తున్నాను.

తిరుపతి నుంచి చంద్రగిరి దాటి పాకాల వైపు పోతుంటే రోడ్డుకు ఎడమ పక్కన ముప్పై సెంట్లు నాది. అది నాకెలా వచ్చిందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. నాయన పోయిన తర్వాత పంపకాలు జరిగాయి. మా వైపు ఆడబిడ్డ వంతు ఎలా తేలుతుందో అందరికీ తెలుసు. ఒక పట్టుచీర పెడతారు, పాయసంతో అన్నం పెడతారు, ఒక సంతకం పెట్టించుకుంటారు. నేను చీరను పక్కకు నెట్టి చట్టం తీశాను. పెద్దమనుషుల ముందర కూర్చుని, ఆడబిడ్డకు సమాన హక్కు అన్న ముక్కను గొంతెత్తి చదివాను. మా అన్న నాకంటే పదకొండేండ్లు పెద్ద. చిత్తూరులో బెల్లం మండీ నడుపుతాడు. నాయనకు చేతకాని కాలంలో నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది ఆయనే. నేను చదవడం ముగించేదాకా ఓపిగ్గా కూర్చుని ఒకే మాట అన్నాడు.

"చదివించింది నేను. ఆ చదువు తెచ్చి నాకే చదివి వినిపిస్తాండావా పాపా?"

నలభై దాటినా ఆయనకు నేను పాపనే. ఆ రోజుతో ఆ పిలుపు ఆగిపోయింది. ముప్పై సెంట్లు నాకు రాసిచ్చాడు, ఆరేండ్లు నాతో మాట్లాడలేదు. న్యాయమే జరిగిందని ఇప్పటికీ వాదిస్తాను, ఎవరైనా వింటే.

వాదించడానికి నాకు కాలేజీ ఉండేది. తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజిక్సు చెప్పేదాన్ని. ప్రయోగం ముఖం చూడని పిల్లలకు కూడా ప్రాక్టికల్స్‌లో పూర్తి మార్కులు వేయమన్నారు. వేయనన్నాను. అయితే రావద్దన్నారు. రానన్నాను. అంత తేలిగ్గా అయిపోయింది. పెండ్లి చేసుకోలేదు. వాదనలో నా ముందు నిలబడగలిగిన మగవాడు ఈ జిల్లాలో పుట్టలేదని మా వదిన అంటుంది. పుట్టే ఉంటాడు, మా వీధికి రాలేదు. కాలేజీ పోయాక మూడో అంతస్తు ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఒకనాడు పడుకోబోతూ ఆ రోజంతా ఏం మాట్లాడానా అని తలచుకుంటే ఒకే వాక్యం గుర్తొచ్చింది. పాలాయనతో, "రేపు అర లీటరు చాలు." అంతే. నోరుగల మనిషిని అని ఊరంతా పేరు. ఆ నోటికి దొరికిన పని అది.

ఆ రోజుల్లోనే ఒకసారి ఏర్పేడు వైపు వేరే కాలేజీలో పరీక్షల పని మీద అద్దె కారులో పోయాను. కరెంటు కారు. తిరిగి వచ్చేటప్పుడు డ్రైవరు బైపాసులో ఛార్జింగు దగ్గర ఆపాడు. నలభై నిమిషాలు పడుతుందన్నాడు. ముందు వాడిని తిట్టాను. తర్వాత చూస్తే పిట్టగోడ మీద అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. బెంగుళూరు నుంచి వచ్చి కొండ దిగిన మొగుడూ పెళ్ళాం, గుండ్లకు ఇంకా చందనం ఆరలేదు. ఒక కడప కాంట్రాక్టరు. ఇంకో కారు డ్రైవరు. కాంట్రాక్టరు ఏదో అన్నాడు, నేను కాదన్నాను. ఆయన అవునన్నాడు. బెంగుళూరు ఆవిడ నా వైపు చేరింది. పది నిమిషాల్లో అక్కడొక సభ తయారైంది. అందులో గొప్పేమిటంటే, ఎవరూ లేచిపోవడానికి వీల్లేదు. కారు తీగకు కట్టేసి ఉంది కదా. వాదన మధ్యలో వాచీ చూసుకోని మనుషులు నాకు జీవితంలో మొదటిసారి దొరికారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అంటే నమ్మరు గానీ, మరుసటి రోజు పొద్దున్నే విద్యుత్ ఆఫీసుకు పోయాను.

అడిగినవాళ్ళకు మాత్రం గౌరవమైన కారణాలే చెప్పాను. కరెంటు కార్లు పెరుగుతున్నాయి. కొండెక్కేటప్పుడు బ్యాటరీ కరిగిపోతుంది, దిగేటప్పుడు కొంత తిరిగి వచ్చినా బెంగుళూరు దాకా చాలదు. తిరుగు ప్రయాణంలో నా స్థలం ఎడమ చేతికే వస్తుంది. ఇవన్నీ నిజాలే. తెలిసినవాళ్ళు కల్యాణమండపం కట్టమన్నారు, దాబా పెట్టమన్నారు, ప్లాట్లు వేయమన్నారు. "పెట్రోలు బంకన్నా పెట్టు, నిమిషానికొక బండి వస్తాది" అని ఒకాయన చెప్పాడు. బంకులో మనిషి మూడు నిమిషాలు నిలబడడని ఆయనకు నేనెలా చెప్పను? పీఎఫ్ డబ్బులూ అమ్మ గాజులూ కలిపి అందులో పోశాను.

ట్రాన్స్‌ఫార్మరు కోసం తిరుగుతున్నప్పుడు ఆఫీసులో ఒక పెద్దాయన మర్యాదగానే అడిగాడు.

"ఎందుకమ్మా ఈ ఎండలో మీరు? మీ ఆయన్ను పంపించండి."

"లేడు."

"పోనీ అన్నదమ్ములెవురన్నా?"

"ఒక అన్న ఉన్నాడు. మాట్లాడడు."

"మూగోడా తల్లీ?"

"నా ఒక్కదానికే" అన్నాను. ఆయన కాగితం మీద సంతకం పెట్టి కుర్చీ చూపించాడు.

భూమిపూజకు వదినకు ఫోను చేసి చెప్పాను. అన్నకు చెప్పమని చెప్పలేదు. ఆమె చెబుతుందని తెలుసు. పూజ రోజు పొద్దున పదింటికి ఛార్జరు కంపెనీ ఇంజనీరు ముందు మూలన, రోడ్డు మీదికి బాగా కనబడేచోట, ఛార్జింగు మిషను కోసం సున్నంతో గుర్తు పెట్టించాడు. అప్పుడే గేటు దగ్గర ఆటో ఆగింది. అన్న దిగాడు, వెనక వదిన, ఆమె వెనక వాస్తు చూసే సిద్ధాంతి. సిద్ధాంతిగారి దిక్సూచి కూడా సెల్‌ఫోనులోనే ఉంది.

"ఈడ సున్నం పోసిందెవురు?" అన్నాడు అన్న. ఆరేండ్ల తర్వాత నా స్థలంలో ఆయన మొదటి మాట అది. నాతో కాదు, ఇంజనీరుతో.

"ఇక్కడైతే రోడ్డుకు కనబడుతుంది సార్."

"కనబడేదానికి ఈశాన్యమే దొరికిందా నీకు? అది నీళ్ళ తావు, దేవుడి తావు. ఆడ అగ్గి పెడతారా? బరువు పెడతారా?"

"ఆగ్నేయమే" అన్నాడు సిద్ధాంతి, ఫోను తిప్పి చూస్తూ. "కరెంటంటే అగ్నే గదా. వంటిల్లు యాడుంటాదో ఇదీ ఆడే."

అగ్నికి ఆగ్నేయం కాక వాయవ్యం కూడా పనికొస్తుందంటారు. కానీ నా స్థలానికి వాయవ్యంలో రోడ్డువాళ్ళ కల్వర్టు ఉంది, అక్కడ ఏమీ కట్టనివ్వరు. ఆగ్నేయమంటే వెనకాల మూల. ఒక పక్క ప్రహరీ, ఇంకో పక్క పొరుగువాళ్ళ మామిడితోపు, దాని కొమ్మలు సగం మా మీదికే వంగి ఉంటాయి. కరెంటు అగ్ని కాదని పాతికేండ్లు పాఠం చెప్పినదాన్ని. నా నాలుక మీద అభ్యంతరాలు నాలుగు వరసగా వచ్చి నిలబడ్డాయి. అంతలో అన్న నా వైపు తిరిగాడు.

"ఏం పాపా, నువ్వేమంటావు?"

అడిగాడు. పాపా అన్నాడు. చెప్పులు గేటు దగ్గరే విడిచి, కాలే నేల మీద ఒక కాలు మార్చి ఒక కాలు వేస్తూ నా జవాబు కోసం నిలబడ్డాడు.

"సరేలే అన్నా. నువ్వు చెప్పినట్టే కానీ" అన్నాను.

మా వదిన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏమ్మే, జొరమొచ్చిందా నీకు?"

ఇంజనీరు నన్ను పక్కకు పిలిచాడు. "మేడమ్, అక్కడ పెడితే చెట్ల వెనక పడిపోతుంది. కేబులు ఐదు మీటర్లే. కొన్ని కార్లకు ఛార్జింగు మూత ముందర ఉంటుంది, కొన్నిటికి వెనక చక్రం మీద. గోడ మూలలో బండి తిప్పుకోవడం కుదరదు."

అన్నీ నాకు తెలిసినవే. నాకు తెలిసినవే ఇంకొకరు నాకు చెబితే మామూలుగా ఒళ్ళు మండుతుంది. ఆ రోజు మండలేదు. "పెట్టండి" అన్నాను. బతుకంతా వాదించి, వాదించాల్సిన ఒక్క రోజు వాదించలేదు.

మిషను ఆగ్నేయంలో లేచింది. అన్న ఆదివారం ఆదివారం రావడం మొదలుపెట్టాడు. మండీకి ఆ రోజు సెలవు. చిత్తూరులో బస్సెక్కి, కల్వర్టు దగ్గర దిగి, తలగుడ్డ చుట్టుకుని నడిచి వచ్చేవాడు. మిషను పక్కన మామిడి నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసేదాన్ని. అల్లం, కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ ముంత పక్కన పెట్టుకునేదాన్ని. అన్నకు మా నాయన అలవాటే వచ్చింది. తాగిన గ్లాసు నిలబెట్టి పెడితే ఇంకా పొయ్యమని. బోర్లిస్తే చాలు, లేస్తున్నానని. నోరు తెరిచి అడగడం మా ఇంట్లో మగవాళ్ళకు నామోషీ. ఆయన గ్లాసు దిమ్మె అంచున పెట్టేవాడు. నేను దాని వైపు ఒక కన్ను వేసి ఉంచేదాన్ని.

ఎన్నిటి మీద వాదించుకున్నామో. మా చిన్నప్పుడు పాకాల జంక్షన్లో మీటరుగేజీ పెట్టెల రంగు ఇటుకరంగా, ఆకుపచ్చా అని రెండు వారాలు పట్టింది. నాయనకు నేనంటే ఇష్టమా, ఆయనంటే ఇష్టమా అన్నది ఎటూ తేలలేదు.

"నీకు చొక్కా కొన్న రోజు నాకు బలపం కూడా కొనలేదు."

"బలపం కొనింటే నువ్వు దాంతో గోడలన్నీ రాసింటావు. ఆయనకు ముందే తెలుసు."

"తెలిసే చదివించలేదు."

"అందుకే నేను చదివించినా. సూడు, తప్పు నాదే" అనేవాడు. నవ్వేవాడు. పై పన్ను ఒకటి ఊడిపోయిందని నాకు అప్పుడే తెలిసింది. ఆరేండ్లలో అది ఎప్పుడు ఊడిందో నాకు తెలియదు.

అలా గంటలు గడిచేవి. గడవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక్క కారు వచ్చేది కాదు.

ముందర బోర్డు పెట్టాను, బాణం గుర్తు వేయించాను. బాణాన్ని నమ్మి లోపలికి వచ్చినవాళ్ళు మామిడిచెట్లూ గోడా చూసి, ఇదేదో మూతబడ్డ గోడౌను అనుకుని తిప్పుకునేవాళ్ళు. కొందరు మిషను దాకా వచ్చినా కేబులు వాళ్ళ కారుకు అందేది కాదు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు ఆడించి, అద్దం గోడకు రాసుకుని, నన్ను తిట్టలేక తమ పెళ్ళాలను తిట్టుకుని పోయేవాళ్ళు. ఛార్జర్లను చూపించే యాప్‌లో ఒకాయన రాశాడు: "ఛార్జరు వెతుక్కునేదానికే పది శాతం ఖర్చయింది." అన్నతో వాదించే మూడు గంటలతో సహా వారమంతా యాప్‌లో మా స్టేషను 'ఖాళీగా ఉంది' అని పచ్చగా వెలుగుతూ ఉండేది. గన్ను ఎవరు ముట్టుకున్నా ముట్టుకోకున్నా ఆ కనెక్షనుకు నెలనెలా కట్టాల్సింది మాత్రం కట్టాల్సిందే. పెట్రోలు బంకువాడికి ఆ గొడవ లేదు.

ముళబాగిలు డ్రైవరు ఒకడు ఎలాగో నన్ను కనుక్కుని, తంటాలు పడి గన్ను తగిలించి, నా ఎదుట కూర్చున్నాడు.

"మేడమ్, ఒక మాట చెప్తా. తిట్టద్దు."

"తిట్టేది తిట్టనిది నా ఇష్టం. చెప్పు."

"మూడు దఫాలు ఈ రోడ్డులో పోయినా, మీరుండేది తెలీలా. పెండ్లికూతుర్ని తీసకపోయి వంటింట్లో కూసోబెట్టినట్టుండాది మీ యవ్వారం. ముందరికి తెచ్చి కూసోబెట్టండి మేడమ్, ఊరంతా చూస్తాది."

తిట్టలేదు. వాడు చెప్పింది ఇంజనీరు చెప్పిందే, నేను చెప్పుకోనిదే. ఎండాకాలం దాటేసరికి చేతిలో ఉన్నదంతా అయిపోయేలా ఉంది. మిషను ముందుకు జరపాలి, లేదా మూసేసి మూడో అంతస్తుకు, అర లీటరు పాలకు పోవాలి. ముందుకు జరపడమంటే ఈశాన్యానికి జరపడం. అంటే ఆదివారాలు ఉండవు. రెండు వారాలు చెప్పకుండా నెట్టుకొచ్చాను. ఆ రెండు ఆదివారాలూ అన్న గ్లాసు నిలబెట్టి పెట్టగానే అడగకుండానే నింపాను. రెండోసారీ, మూడోసారీ. "ఏం పాపా, మజ్జిగలో ముంచి చంపుతావా?" అన్నాడు.

ఆయన వచ్చినప్పుడు చెప్పలేకపోయాను. చిత్తూరు పోయి మండీలోనే చెప్పాను. బెల్లం దిమ్మెల మీద తేనెటీగలు ముసిరి ఉన్నాయి. అన్న తెల్ల పరుపు మీద కూర్చుని ఒక దిమ్మె కొస విరిచి రుచి చూస్తున్నాడు.

"అన్నా, మిషను ముందరికి మారుస్తాండా."

"ముందరికంటే?"

"ఈశాన్యానికి."

ఆయన ఇంకో ముక్క విరిచి నా చేతిలో పెట్టాడు. "తిను."

"చెప్పింది విన్నావా?"

"విన్నా. ఈశాన్యంలో బరువు పెడితే ఆ ఇంటి మగబిడ్డ ప్రాణానికి మంచిది కాదంటారు."

ఇక్కడ నేను ఊరుకోవచ్చు. కారణం చెప్పొచ్చు, కార్లు రావడం లేదన్నా అని ఉన్నదున్నట్టు చెప్పొచ్చు. అది చెప్పడానికే కదా నలభై మైళ్ళు బస్సులో వచ్చింది. కానీ ఎదుట వాదన కనబడగానే నాకు వచ్చిన పని గుర్తుండదు.

"నాయనకు మగబిడ్డవంటే నువ్వే కదా. అరవై మూడేండ్ల మగబిడ్డ! ప్రాణం మీద అంత తీపి ఉంటే ఈ బెల్లం తినేది మానెయ్యి, ముందు షుగరు తగ్గుతాది."

మండీలో మూటలు మోసేవాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు. కోప్పడితే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సాయంత్రానికి ఏదో ఒకటి తేలేది. ఆయన చేతులు దులుపుకున్నాడు.

"సరే. నీ స్థలం. నీ ఇష్టం."

మా ఇంట్లో 'నీ ఇష్టం' అంటే తలుపు వేసినట్టు. తిరుగు బస్సులో పాకాల వచ్చేదాకా ఆ బెల్లం ముక్క నా గుప్పిట్లోనే ఉంది. దిగేటప్పుడు టికెట్టు వేలికి అంటుకుని రాలేదు.

మిషను మార్పించాను. పాత దిమ్మె మీద బోల్టులు విప్పి మిషను ఎత్తుకున్నారు గానీ బోల్టులు సిమెంటులో కూరుకుని ఉన్నాయి, రాలేదు. ఉండనీ అన్నాను.

ముళబాగిలు డ్రైవరు చెప్పింది నిజమే. కార్లు వచ్చాయి. బారులు తీరలేదు గానీ కనెక్షను నిలబడేటన్ని వచ్చాయి. కొండ దిగిన గుండ్లు, లడ్డు వాసన, వెనక సీట్లో నిద్రపోతున్న ముసలమ్మలు. నేను కోరుకున్న నలభై నిమిషాలు రోజుకు ఇన్నిసార్లు నా గేటులోకి వచ్చి నిలబడుతున్నాయి. పిట్టగోడ కట్టించాను, పైన రేకులు వేయించాను. ఎవరూ దాని మీద కూర్చోరు. కార్లోనే ఏసీ వేసుకుని, అద్దాలెత్తుకుని, ఫోనుల్లో తలలు దూర్చి కూర్చుంటారు. బైపాసులో నాకు దొరికిన ఆ సభ ఆ ఒక్క రోజుదే కాబోలు. ఆ రోజు వాళ్ళ కార్లలో ఏసీలు పాడైనాయో ఏమో, నేను అడగలేదు.

అద్దాల మీద తట్టి మాట్లాడిన రోజులూ ఉన్నాయి. యాప్‌లో ఇప్పుడు ఇలా ఉంది: "ఛార్జరు స్పీడు బాగుంది. మేడమ్ క్లాసు తీసుకుంటారు, ఇయర్‌ఫోన్లు తెచ్చుకోండి." ఒప్పుకుంటాను. దిగి మాట్లాడేవాళ్ళూ ఉంటారు. ఒక హోసూరు నర్సు తన ఆస్పత్రి సంగతులన్నీ చెప్పింది, నేను కూడా చాలా చెప్పాను. అంతలో స్క్రీను మీద ఎనభై శాతం పడింది. ఎనభై దాటితే ఛార్జింగు నెమ్మదిస్తుంది కాబట్టి అందరూ ఎనభైకే లేస్తారు. "వస్తానక్కా" అంది. ఏదో సగంలో చెబుతున్నాను నేను. ఆమె మళ్ళీ రాలేదు.

ఆదివారాలు ముందు కొన్నాళ్ళు మామిడి నీడలో కుర్చీలు వేశాను. తర్వాత ఒక్కటే వేశాను. తర్వాత వేయలేదు. అన్నకు ఫోను చేస్తే వదిన ఎత్తేది. "మండీకి పోయినాడు మే" అనేది. ఆదివారం పూట కూడా.

మొన్న కార్తీకంలో, పట్టపగలు, ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. డ్రైవరు గన్ను తగిలించుకుంటుండగా వెనక తలుపు తీసుకుని మా వదిన దిగింది.

"ఏమ్మే, బాత్రూము యాడ కట్టినావు?"

చూపించాను. ముఖం కడుక్కుని వచ్చి కొంగుతో తుడుచుకుంటూ చెప్పింది. "కొండకు పోయొస్తాండాం. ఈ డ్రైవరు చెప్పాపెట్టకుండా ఈడికి తిప్పినాడు. ఇది కరెంటు కారని మాకేం తెలుసు? పొగ రాకుంటే కొత్త బండి అనుకున్న్యాం."

"అన్న దిగడా?"

"దిగడంట."

కారు అద్దం వెనక చూశాను. గుండు. గుండు మీద చందనం. మా అన్న జుట్టు మీద ఎంత మక్కువ మనిషో నాకు తెలుసు. నాయన పోయినప్పుడు తప్ప తల మీద కత్తి పెట్టనివ్వలేదు.

"గుండెందుకు వదినా?"

"మొక్కంట."

"ఏం మొక్కు?"

"నాకు సెప్పలా. నువ్వు మిషను మార్చిన వారమే మొక్కుకున్నాడు. ఎవురికోసమంటే, నీ పని సూసుకో అన్నాడు." ఆమె నా ముఖంలోకి చూసింది. "నీకు తెలుసునేమో అనుకున్న్యా."

  ప్రాణం మీద తీపి అని మండీలో పదిమంది ముందర నేనన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజు ఆదివారం, కుర్చీలు మానేసినా మజ్జిగ మానలేదు. గ్లాసులో పోసి వదిన చేతికిచ్చాను. ఆమె అద్దం మీద తట్టి ఇచ్చింది. గ్లాసు లోపలికి పోయింది.

కాసేపటికి అవతలి పక్క తలుపు తెరుచుకుంది. అన్న దిగాడు, గ్లాసు చేతిలో పట్టుకుని. ఈశాన్యంలో మిషను వైపు చూడలేదు, నా వైపు చూడలేదు. స్థలం పొడుగునా నడిచి వెనకాల మామిడి నీడలోకి పోయాడు. నిలబడే తాగాడు. వంగి గ్లాసు దిమ్మె మీద, బోల్టుల మధ్య పెట్టాడు. నేను మిషను దగ్గర నిలబడి స్క్రీను చదువుతున్నట్టు నటిస్తున్నాను. అంత దూరం నుంచి గ్లాసు ఎలా పెట్టాడో కనబడలేదు. ఆయన అక్కడే ఉన్నాడు, చెట్ల వైపు ముఖం పెట్టుకుని. యాభై రెండు శాతం. యాభై మూడు. పోవాలా? పోతే మాట్లాడాలి. మాట్లాడితే నా నోరు ఏ పక్కకు తిరుగుతుందో నాకే నమ్మకం లేదు. యాభై ఐదు. నేను కదలలేదు.

ఆయన వెనక్కి వచ్చి కారెక్కాడు. "చాలు, పోదాం" అన్నాడు డ్రైవరుతో.

"ఇంకా అరవై కూడా కాలేదు సార్."

"చిత్తూరుకు చాలదా?"

"చాల్తాది."

"పోదాం మరి."

నేనే గన్ను తీసి మిషనుకు తగిలించాను. వదిన చెయ్యి ఊపింది. కారు రోడ్డెక్కి పాకాల వైపు తిరిగాక వెనక్కి నడిచాను.

గ్లాసు నిలబెట్టి ఉంది.

 ముంత ముందరే ఉంది, రేకుల కింద, సగం నిండుగా. అక్కడి నుంచి ఇక్కడికి నలభై అడుగులు. హారను మోగింది. ఇంకో కారు.

"మేడమ్, గన్ను ఖాళీనా?"

"ఖాళీనే. రాండి" అన్నాను.

దిమ్మె పగలగొట్టమని ఇప్పటికీ అడుగుతున్నారు. అది ఉంటుంది. ఆదివారం పొద్దున మజ్జిగ చిలికి, ముంత తీసుకెళ్ళి దిమ్మె పక్కనే పెడుతున్నాను, ఈసారి దూరం ఉండకూడదని. సాయంత్రం మిగిలితే డ్రైవర్లకు పోస్తాను. మిగులుతూనే ఉంది.